కళ్ళజోడు వేసిన సీటు

క్లెమెంటి, సింగపూర్
మార్చి 5, 2006

అత్తయ్యకి,

శ్రీజ దణ్ణాలు. మామయ్యకి కూడా చెప్పు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తోందా అని కదా నీ అనుమానం. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. "తిన్నావా, పడుకున్నావా, అద్దాలు తుడుచుకుంటున్నావా" అని నువ్వే అడిగి, నువ్వే జవాబు చెప్పుకుని పెట్టేస్తావు. ఈ విషయం నేను చివరిదాకా చెప్పాలి, నువ్వు చివరిదాకా వినాలి. చదువుతూ మధ్యలో అరిచినా నాకు వినపడదు, అదొక సుఖం.

ముందు జరిగింది చెప్తాను. మా ఆఫీసు పాయా లేబర్‌లో. ఒక బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. మధ్యాహ్నం పక్కనే ఉన్న హాకర్ సెంటర్‌లో తింటాను. అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి కొట్లు, మధ్యలో బల్లలు. ఇక్కడ పద్ధతేమిటంటే ముందు బల్ల పట్టుకోవాలి, తర్వాతే తిండి తెచ్చుకోవాలి. పట్టుకోవడం అంటే కుస్తీ ఏమీ కాదు. బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళిపోతే చాలు. దీన్ని 'చోప్' చేయడం అంటారు. ఆ ప్యాకెట్ ఉన్న చోట ఎంత గొప్పవాడైనా కూర్చోడు.

మొన్న నా దగ్గర టిష్యూలు లేవు. గొడుగు ఆఫీసులో మర్చిపోయాను. పర్సు పెట్టడానికి భయం, ఐడీ కార్డు పెట్టడానికి ఇంకా భయం. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఏం తోచక, పెట్టుకున్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాను.

మైనస్ తొమ్మిది పవర్ ఉన్నదాన్ని. ఎంత తెలివైన పని చేశానో కాస్త దూరం నడిచాక గానీ తెలియలేదు. కొట్టు దగ్గర ఆకుపచ్చగా ఏదో కనపడితే గోంగూర లాంటిదేమో అని చూపించాను. ప్లేటు పట్టుకుని వెనక్కి తిరిగితే బల్లలన్నీ పసుప్పచ్చ ముద్దలు. నా బల్ల ఏదో నాకు తెలియదు. తిరగ్గా తిరగ్గా ఒక బల్ల మీద రెండు గుండ్రటివి పక్కపక్కనే తళతళలాడుతూ కనపడ్డాయి. అమ్మయ్య అనుకుని కూలబడి, ఆ రెండూ తీసి కళ్ళకి పెట్టుకున్నాను.

అవి పచ్చిమిరప పచ్చడి వేసిన స్టీలు గిన్నెలు అత్తయ్యా.

"మిస్, దట్ వన్ మై సంబల్ లా," అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన, చాలా మర్యాదగా. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. బ్యాంకు తరఫు మేనేజరు గోహ్ గారు. ఆ పూట నేను డెమో చూపించాల్సింది ఆయనకే. పాపం ఆయనే లేచి, నాకు మొహం కడుక్కునే చోటు చూపించి, నా బల్ల వెతికిపెట్టాడు. నా కళ్ళజోడు పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. దాని చుట్టూ నలుగురు నిలబడి తింటున్నారు. నిలబడి! కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఒక్కరూ కూర్చోలేదు.

డెమోలో నా కళ్ళు ఎర్రగా ఉంటే మిగతావాళ్ళంతా రాత్రి నిద్ర లేకుండా పనిచేశాననుకుని మెచ్చుకున్నారు. గోహ్ గారూ వాళ్ళతో పాటు తల ఊపారు. పచ్చడి మహిమ.

అందుకని కళ్ళకి లేజర్ చేయించుకుందామని నిశ్చయించుకున్నాను. అరవకు. మామూలు లేజర్‌లో నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొరని, అదే కార్నియాని, సన్నటి బ్లేడుతో మూతలా కోసి పైకెత్తి, లోపల లేజర్‌తో చెక్కి, మళ్ళీ మూత వేసేస్తారు. ఇప్పుడు కొత్తరకం వచ్చింది. మూత కోయడానికి కూడా బ్లేడు వాడరు, అదీ లేజరే. మూత ఎంత మందం అనుకుంటే అంత మందంలో వస్తుందట. బ్లేడు తడబడి మూత వంకరపోతుందన్న భయం ఉండదట. కుట్లు ఉండవు. ఖరీదు మాత్రం మామూలుదాని కంటే ఎక్కువ. ఏప్రిల్ మొదటి శనివారం ఒక క్లినిక్‌లో దీని మీద ఉపన్యాసం ఉంది, వెళ్తున్నాను.

ఇప్పుడు అరవచ్చు.

శ్రీజ


గుడివాడ
మార్చి 19

చి. శ్రీజకి,

షాపు కట్టేసి, తీరిగ్గా తిట్టడానికి కూర్చున్న అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం షాపులో పైకి చదవడం నాదే బుద్ధితక్కువ. ప్రభావతి టీచరు కొత్త జోడు కొలతకి వచ్చి కూర్చుని ఉంది. అంతా విని, "మీ మేనకోడలే తీసేస్తానంటుంటే నేనెందుకు పెట్టుకోవడం, కొన్నాళ్ళు ఆగుతాను లెండి" అని లేచి వెళ్ళిపోయింది. సంచీ మర్చిపోయింది, దానికోసం కూడా రాలేదు.

శ్యామలా ఆప్టికల్స్ బోర్డు మీద ఉన్నది ఎవరే? గుడివాడ బస్టాండులో దిగిన ప్రతివాడికీ ముందు కనపడేది ఎవరి మొహం? నీది. రెండో క్లాసులో నీకు మొదటి జోడు పెట్టిన రోజు ఫోటో తీయించి, పెయింటర్‌తో పెద్దగా వేయించాను. అంతకుముందు నువ్వు గోడ మీది బల్లిని మేకు అనుకుని దానికి జడ రిబ్బన్ తగిలించబోయినదానివి. బల్లి పారిపోతే, మేకు పారిపోయిందని ఇల్లెగిరేలా ఏడ్చావు. చదువుకోమని మీ నాన్న నిన్ను నా దగ్గర వదిలి వెళ్ళాక ఆ సంగతి కనిపెట్టింది నేను. నీకు లోకం చూపించింది నేను. ఇవాళ ఆ అద్దాలు నీకు అడ్డమొచ్చాయి.

ఈ కంప్యూటర్ చదువులొచ్చాక ఇంటికో కళ్ళజోడు వచ్చింది. మన షాపు నాలుగు మెతుకులు తింటోందంటే ఆ కంప్యూటర్ల చలవే. బోర్డు మీదున్న పిల్లే జోడు తీసేసిందని తెలిస్తే మిగతావాళ్ళు ఉంచుకుంటారా? గుళ్ళో దేవుడే మతం మారినట్టుంటుంది.

బ్లేడు లేదని మురిసిపోతున్నావు. బ్లేడు లేకపోతే కోయడం లేదని కాదు కదా. చెక్కుతారని నువ్వే రాశావు. చెక్కిన ముక్క మళ్ళీ అతికిస్తారా? అద్దం అరిగిపోతే నేను ఇంకో అద్దం వేస్తాను. కన్ను అరిగిపోతే వాళ్ళేం వేస్తారో కనుక్కో.

ఇంకో మాట. బస్సులో సీటుకి జేబురుమాలు వేస్తారు, తువ్వాలు వేస్తారు, మరీ తెగించినవాడు కిటికీలోంచి చంటిపిల్లాణ్ణి వేస్తాడు. కళ్ళజోడు వేస్తారుటే ఎవరైనా?

ఎవడైనా నిన్ను కళ్ళజోడు తీసెయ్యమన్నాడా? అలా అన్నాడంటే వాణ్ణే తీసెయ్, జోడు ఉంచుకో.

ఆఖరుగా ఒక్కటే ప్రశ్న. ఆ ఉపన్యాసం చెప్పే డాక్టరు కళ్ళజోడు పెట్టుకుంటాడా లేదా? చూసి నిజం రాయి.

పార్శిల్‌లో కొత్త ఫ్రేము పంపుతున్నాను. ఎర్రది. ఎక్కడ పెట్టినా కనపడుతుంది.

అత్తయ్య


క్లెమెంటి
ఏప్రిల్ 2

అత్తయ్యకి,

ఉపన్యాసానికి వెళ్ళొచ్చాను. నాతో నిగార్ కూడా వచ్చింది. మా ఫ్లాట్ ఆమెదే, మెహిదీపట్నం ఆమె, ఒక గది నాకు అద్దెకిచ్చింది. కూతురు ఆనమ్ ఇక్కడే పుట్టి పెరుగుతోంది, ఆరేళ్ళు. నీ ఎర్ర ఫ్రేము పెట్టుకోగానే ఆనమ్ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, కెనాట్ లా. యూ లుక్ లైక్ ఫైర్ ఇంజన్" అంది. ఎక్కడ పెట్టినా కనపడుతుందన్న మాట మాత్రం నిజమే.

నీ ప్రశ్నకి జవాబు రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ నీకు అబద్ధం రాయబుద్ధి కాలేదు. డాక్టర్ లిమ్ గారు కళ్ళజోడు పెట్టుకుంటారు. నల్ల ఫ్రేము, మంచి మందపాటి అద్దాలు. నేను చూసీ చూడనట్టు కూర్చుంటే నిగార్ చెయ్యెత్తి ఇంగ్లీషులో అడిగేసింది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, "అందరి కళ్ళూ దీనికి పనికిరావు, ముందు కొలిచి చూడాలి" అన్నారు.

ఆయన లాభాలతో పాటు నష్టాలూ దాచకుండా చెప్పారు. కొన్ని నెలలు కళ్ళు పొడిబారతాయి, చుక్కల మందు వేసుకుంటూ ఉండాలి. రాత్రిళ్ళు దీపాల చుట్టూ వలయాలు కనపడచ్చు. కళ్ళు నులుముకోకూడదు. కొందరికి కొద్దిగా పవర్ మిగిలిపోతుంది. చేసేటప్పుడు మెలకువగానే ఉండి, ఒక చిన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. కన్ను కదలకుండా ఒక రింగు పెట్టి నొక్కుతారు, కాసేపు చూపు చీకటైపోతుంది. చెక్కేటప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

"అంటే నా కన్ను కాలుతుంటే నేనే వాసన చూడాల్నా? యా అల్లా!" అని నిగార్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "శ్రీజా, నీకు దిమాక్ ఉందా? ఈ ముసలామెను చూడు, ఇంకేం అడుగుతుందో." ముందు వరసలో ఒక చైనా అవ్వ, అదే లేజర్‌తో బుగ్గ మీది మచ్చ కూడా తీసేస్తారా అని అడుగుతోంది. చివర్లో బిస్కెట్లు పెట్టారు. నిగార్ ఆనమ్ కోసమని రెండు గుప్పిళ్ళు తెచ్చింది.

ఇక నీ బస్సు మాట. కళ్ళజోడు వేస్తారా ఎవరైనా అని అడిగావు. నువ్వే వేశావు. నాకు ఎంసెట్ పరీక్షని బెజవాడ బస్సెక్కడానికి వెళ్తే, జనం తోసుకుంటున్నారని కిటికీలోంచి నా కళ్ళజోడు పెట్టె సీట్లోకి విసిరావు. పెట్టెలో జోడు ఉంది. బస్సు కదిలిపోయింది. మామయ్య స్కూటర్ మీద పామర్రు దాకా వెంటపడి ఆపాడు. నాకిది ఎవరి దగ్గర అబ్బిందో ఇప్పుడు చెప్పు.

ఎవడూ ఏమీ అనలేదు అత్తయ్యా. పొద్దున్న లేవగానే చెయ్యి తడుముకోకుండా గడియారం చూడాలని ఉంది. అంతే. మొదటిసారి నువ్వు అద్దాలు పెట్టినప్పుడు నాకెంత సంతోషం కలిగిందో, అది ఇంకోసారి కావాలనిపిస్తోంది. బోర్డు మీద నా బొమ్మ అలాగే ఉంచు. నీకు కోపం వస్తే నేను చేయించుకోలేను. అందుకే అడుగుతున్నాను.

శ్రీజ


గుడివాడ
ఏప్రిల్ 16

చి. శ్రీజకి,

అత్తయ్య ఆశీస్సులు. పామర్రు సంగతి ఎత్తకూడదని మామయ్యా నేనూ ఎప్పుడో ఒట్టేసుకున్నాం. నువ్వూ వేసుకో.

శత్రువుని తెలుసుకోకుండా యుద్ధం చేయకూడదని బెజవాడలో ఒక లేజర్ ఆసుపత్రికి వెళ్ళాను. గూఢచారిగా. మామయ్య చూపు శుభ్రంగా ఉంటుంది కనుక ఆయన పనికిరాడు, నేనే పేషెంటునయ్యాను. పేరు కూడా మార్చి చెప్పాను.

హాల్లో కూర్చున్నవాళ్ళ జోళ్ళు నువ్వు చూడాల్సింది. ఒకాయనది ఒక కాడ ఆకాశానికి, ఒక కాడ పాతాళానికి. ఒక పిల్లది ముక్కు దగ్గర గుచ్చుకుని పుండు పడింది. ఇలాంటి జోళ్ళు పెట్టుకుంటే లేజర్ కాదు, సన్యాసం తీసుకోవాలనిపిస్తుంది. ఉండబట్టలేక బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాను. ఒకరిది సరిచేస్తే పక్కవాళ్ళు చాపారు. కాసేపటికి నా ముందు వరస కట్టారు. ఇద్దరు ఇక లేజర్ వద్దులే అని లేచి ఇంటికి పోయారు. నర్సు వచ్చి, "మేడమ్, మీరు ఇక్కడ కొత్తగా చేరారా?" అంది.

లోపల డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "అమ్మా, యాభై దాటిన మీకు దూరపు చూపు సరిచేసినా పేపరు చదవడానికి అద్దాలు తప్పవు. చిన్నప్పుడు చేయించుకున్నవాళ్ళకైనా నలభై దాటాక చత్వారం వస్తుంది. దాన్ని లేజర్ ఆపలేదు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ చెప్పించుకున్నాను. ఎన్ని లేజర్లు చేయించుకున్నా నలభై దాటాక నా గుమ్మం తొక్కాల్సిందేనన్నమాట! మరి నేనెందుకు ఏడవాలి? బయటికొచ్చి రిసెప్షన్లో పిల్లకి మన షాపు కార్డు ఇచ్చి, అసలు పేరు చెప్పి, క్షమాపణ చెప్పుకుని వచ్చాను.

చేయించుకో తల్లీ. నీకు నలభై వచ్చేదాకా నేను ఆగుతాను. ఆ లోపు నిన్ను చూసి కళ్ళజోడు పెట్టాలనిపిస్తే నా చేతులు కట్టేసుకుంటాను.

ఊళ్ళో అందరికీ చెప్పేశాను. ప్రభావతి టీచరుకి లడ్డూలు పంపించాను, సంచీతో సహా. పెయింటర్‌ని పిలిపించి, బోర్డు మీద నీ బొమ్మ కింద 'ఈ పాప ప్రస్తుతం సింగపూర్ లేజర్' అని రాయించాను. షాపుకి నష్టం కదా అని మామయ్య అంటే, మన పిల్ల గొప్ప మనకి నష్టమెలా అవుతుందని కసిరాను.

మంగళవారం మాత్రం పెట్టుకోకు.

అత్తయ్య


క్లెమెంటి
మే 3

అత్తయ్యకి,

ఏం రాయాలో తెలియడం లేదు. పరీక్షలన్నీ చేశారు. కళ్ళలో చుక్కలు వేశారు, ఏవేవో యంత్రాల్లోకి చూడమన్నారు. నా కార్నియా పలుచనట. పవర్ ఎక్కువ కాబట్టి ఎక్కువ చెక్కాలి. అంత చెక్కితే మిగిలేది చాలదు. తర్వాత అది ఉబ్బి, ఉన్న చూపు కూడా చెడిపోవచ్చు. అందుకని బ్లేడుతో అయినా, బ్లేడు లేకుండా అయినా నాకు చేయను అన్నారు.

నేను గట్టిగా అడిగాను. ఎంత డబ్బయినా ఇస్తాను, కాగితం మీద సంతకం పెడతాను అన్నాను. డాక్టర్ లిమ్ తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళు చిన్నగా, అలసిపోయినట్టుగా ఉన్నాయి. "నావీ పలుచనే. రోజూ ఇతరులకి చేస్తాను. నాకు చేసేవాడు లేడు" అన్నారు. ఇద్దరం కాసేపు ఒకరికొకరం కనపడకుండా కూర్చున్నాం, ఎందుకంటే నేనూ తీసేసి కళ్ళు తుడుచుకుంటున్నాను.

నీకు మొదటి ఉత్తరంలో ఒకటి తప్పు రాశాను. ఆ రోజు కళ్ళు ఎర్రబడింది పచ్చడి వల్ల కాదు. పచ్చడి కనుబొమ్మలకే అంటింది. ప్లేటు పట్టుకుని తిరిగేటప్పుడు ఏడ్చాను. చుట్టూ అంతమంది. ఎవరి మొహమూ మొహంలా లేదు. ఎవరిని పిలవాలో తెలియదు. ఈ దేశంలో నాకంటూ ఉన్నది ఒక కుర్చీ, అది కూడా ఎక్కడుందో తెలియదు అనిపించింది. నీకు నవ్వొచ్చేలా రాస్తే నాకూ నవ్వొస్తుందనుకున్నాను. ఇంకెప్పుడూ అలా నిలబడకూడదనే లేజర్ అనుకున్నాను అత్తయ్యా.

బోర్డు మీద రాసింది చెరిపించెయ్యి. లడ్డూలు తిన్నవాళ్ళకి ఏం చెప్తావో నీ ఇష్టం.

శ్రీజ


గుడివాడ
మే 15

చి. శ్రీజకి,

ఏమిటి, మన పిల్లని కాదన్నారా? ఎవరనుకుంటున్నారు వాళ్ళు?

బంగారంలాంటి కళ్ళు. ఏ వంక పెట్టడానికి ఉంది? పలుచనట, పలుచన! పలుచన అయితే తప్పేమిటి? పట్టుచీర పలుచన కాదా? గోనెసంచి మందంగా ఉంటుంది, దాన్ని కట్టుకుంటారా ఎవరైనా? నేను కాళ్ళావేళ్ళా పడి వద్దన్నప్పుడు లేజర్ లేజర్ అని ఊరించి, తీరా మేం ఒప్పుకుని, ఊరంతా లడ్డూలు పంచాక కాదంటారా? పెద్దమనుషులు చేసే పనేనా ఇది?

ఒకటి చెప్తాను, మీ అమ్మకి చెప్పకు. మన వంశంలో అందరివీ దళసరి కార్నియాలే. మీ తాతగారు ఎండలో సూర్యుణ్ణి చూసి టైమ్ చెప్పేవారు. ఈ పలుచదనం నీకు మీ అమ్మ వైపు నుంచే వచ్చింది.

ఒక్కచోట కుదరనంత మాత్రాన ఆగిపోతామా? ఇంకోచోట చూపించు. నల్లగా ఉన్నావన్నవాడు పోతే, కళగా ఉన్నావన్నవాడు వస్తాడు. అవసరమైతే నేనొచ్చి మాట్లాడతాను.

పైదంతా పొద్దున్న రాశాను. ఇప్పుడు సాయంత్రం. నువ్వు ఏడ్చానని రాసిన ముక్క మళ్ళీ చదివాను. షాపు తెరవబుద్ధి కాలేదు. నీకు కళ్ళు కనపడక నువ్వు ఏడవడం నేను ఒక్కసారే చూశాను, ఆ బల్లి రోజున. మళ్ళీ చూడకూడదనే ఈ షాపులో ఇన్నేళ్ళు కూర్చున్నాను. నాకు కోపం నీ మీద కాదు, లేజర్ మీదా కాదు. నువ్వు అలా నిలబడ్డ చోట నేను లేకపోయానే అని.

ఆ డాక్టరు సంగతి కూడా మనసులో మెదులుతోంది. అందరికీ పెళ్ళిళ్ళు చేసి తను బ్రహ్మచారిగా మిగిలిపోయిన పంతులులా ఉన్నాడు. మందపాటి అద్దాలన్నావు. సన్నవి వేసేవాడు అతనికి దొరకలేదా? పవర్ ఎంతో, ముక్కు కొలత ఎంతో కనుక్కుని రాయి.

అత్తయ్య

అమ్మాయీ, మామయ్యని. మీ అత్తయ్య పాస్‌పోర్టు ఫారం తెప్పించింది. స్క్రూడ్రైవర్ విమానంలో రానిస్తారా అని అడుగుతోంది. త్వరగా జవాబు రాయి. — సుధాకరరావు


క్లెమెంటి
జూన్ 1

అత్తయ్యకి,

విమానం ఎక్కకు. ఇంకో డాక్టర్‌కి చూపించాను. ఆవిడా అదే మాట అంది. కంటి లోపల చిన్న లెన్సు పెట్టే ఆపరేషన్ వేరే ఉందట, దానికి కత్తి కావాలట. నాకిప్పుడు అంత ధైర్యం లేదు. ఆలోచించడం మానేశాను.

డాక్టర్ లిమ్‌కి నీ మాట చెప్పాను. పంతులు పోలిక ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక చాలా తంటాలు పడ్డాను. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వి, తన పవర్, ముక్కు కొలత తానే కాగితం మీద రాసిచ్చారు. ఇందులో పెట్టాను. నర్సు పక్కనుంచి, "డాక్టర్, యూ ఆల్సో చేంజింగ్ క్లినిక్ ఆ?" అంది.

"కళ్ళు కాదంటే కానియ్యి, నీ అత్తయ్య ఉంది కదా" అంటోంది నిగార్. తన చదువుకునే అద్దాల పవర్ కూడా రాయమంది.

శ్రీజ


గుడివాడ
జూన్ 20

చి. శ్రీజకి,

పార్శిల్ అందిందని రాయి. అందులో నాలుగు జోళ్ళు ఉన్నాయి. నల్ల పెట్టెలోది డాక్టరు గారిది. పూలపెట్టె నిగార్‌ది. సన్నటి అద్దాలది నీది. ఈసారి ఫ్రేము ఎర్రది కాదు, ఆనమ్‌కి చెప్పు.

గుడ్డలో చుట్టింది నాది. నా పాత జోడు, షాపు పెట్టిన రోజు నుంచి మొన్న మొన్నటి దాకా పెట్టుకున్నది. అది చూడ్డానికి కాదు. సీటుకి. ఇక మీదట నీ కళ్ళజోడు నీ మొహం మీదే ఉండాలి. బల్ల మీద నాది పెట్టు. నువ్వు వచ్చేదాకా అది చూసుకుంటుంది.

బోర్డు మీది ముక్క చెరిపించాను. ప్రభావతి టీచరు వచ్చి కొత్త జోడుకి కొలతలిచ్చింది. "పాపం, కాదన్నారటగా" అంది. మా పిల్లే వద్దనుకుంది అని చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు.

అత్తయ్య


క్లెమెంటి
జూలై 9

అత్తయ్యకి,

నిన్న నీ జోడు తీసుకుని హాకర్ సెంటర్‌కి వెళ్ళాను. ఒక మూల బల్ల మీద, కాడలు ముడిచి, అద్దాలు జనం వైపు తిప్పి పెట్టాను. నా జోడు నా మొహం మీదే ఉంచుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. అక్కడి నుంచి బల్ల స్పష్టంగా కనపడుతోంది.

ఒక భారీ మనిషి రెండు చేతుల్లో రెండు ప్లేట్లతో వచ్చి కూర్చోబోయాడు. నీ జోడు చూశాడు. దానివైపే కాసేపు చూసి, "సారీ ఆ" అని దానికి చెప్పి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. నాకు నవ్వాగలేదు. షాపులో బేరమాడబోయినవాణ్ణి నువ్వు చూసే చూపు అలాగే ఉంటుంది. తర్వాత గోహ్ గారు వచ్చారు. నేను వరసలోంచే కూర్చోమని చెయ్యి ఊపాను. ఆయన నీ జోడుకి ఎదురు కుర్చీలో కూర్చుని, ముందు జాగ్రత్తగా పచ్చడి గిన్నెలు తన వైపు లాక్కున్నారు.

ఏడవలేదు అత్తయ్యా. బల్ల దగ్గరికి నేరుగా నడిచి వెళ్ళాను.

డాక్టర్ లిమ్ నువ్వు పంపిన జోడు పెట్టుకుని దిగిన ఫోటో పంపుతున్నాను. ఇంత తేలికైన జోడు జన్మలో పెట్టుకోలేదన్నారు. నీకు చాలా కృతజ్ఞతలు చెప్పమన్నారు. బోర్డు మీద మాత్రం తన బొమ్మ వేయించవద్దని మరీ మరీ చెప్పమన్నారు. నీ గురించి ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

శ్రీజ


గుడివాడ
జూలై 23

చి. శ్రీజకి,

డాక్టరు గారి ఫోటో బోర్డు మీద వేయించలేదు. ఇచ్చిన మాట మాటే. షాపు లోపల గోడకి తగిలించాను, గోడ గురించి ఆయనేమీ అనలేదు కదా. 'సింగపూర్ లేజర్ డాక్టరు గారు వాడేది మన జోడే' అని కింద మామయ్య చక్కని అక్షరాలతో రాశాడు. లేజర్ చేయించుకుందామని బయల్దేరిన కుర్రాళ్ళు నలుగురు అది చూసి ఆగిపోయారు. నేను వాళ్ళని వెళ్ళి కొలిపించుకోమనే చెప్పాను. పలుచనైతే నా దగ్గరికి రమ్మన్నాను, దళసరైతే నలభై దాటాక రమ్మన్నాను.

మీ పద్ధతి బాగుందే. ఇక్కడ కూడా మొదలుపెట్టాను. నువ్వు రెండో క్లాసులో పెట్టుకున్న మొదటి జోడు బీరువాలోంచి తీసి, నీ గదిలో నీ మంచం మీద, దిండు పక్కన పెట్టాను. మొన్న కొవ్వూరు నుంచి చుట్టాలు వచ్చారు, ఆరుగురు. అందరూ హాల్లో ఇరుక్కుని పడుకున్నారు. ఒక పిల్ల నీ మంచం ఎక్కబోయి, ఆ జోడు చూసి, ఎవరో ఉన్నారనుకుని మెల్లిగా దిగి తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

అత్తయ్య